వెనుక చక్రం కాలిపర్ పట్టేస్తే, బోల్టు మర పోతే

పోయిన వానాకాలంలో నెలన్నర పాటు ఊళ్లో లేను. మా ఇల్లు విశాఖపట్నంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. కారును కప్పు లేని చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు బలంగా లాగి వెళ్లాను. తిరిగి వచ్చాక స్టార్ట్ చేసి క్లచ్చు వదిలితే ఇంజను మూలిగింది, బండి వెనుక భాగం కుంగింది, అంగుళం మాత్రం కదలలేదు. ఇంకాస్త గట్టిగా యాక్సిలరేటరు తొక్కితే ‘టక్కు’మని ఏదో ఊడినట్టు చప్పుడై ముందుకు పోయింది. హమ్మయ్య అనుకున్నాను. పది కిలోమీటర్లు తిరగకుండానే వెనుక నుంచి కాలిన వాసన మొదలైంది. దిగి చూస్తే కుడి వెనుక చక్రం సెగలు కక్కుతోంది.

ఆ చక్రంతో వారం రోజులు పడ్డ తంటాలే ఈ వ్యాసానికి పెట్టుబడి. కొన్ని పనులు సరిగ్గా చేశాను, రెండు మాత్రం చేజేతులా చెడగొట్టుకున్నాను. చెడగొట్టుకున్నవే ఎక్కువ వివరంగా చెబుతాను.

మీ బండికి వెనుక డిస్కులున్నాయో లేదో ముందు చూసుకోండి. మన దగ్గర చాలా కార్లకు ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉంటాయి. చక్రం చువ్వల సందులోంచి చూస్తే మెరిసే పళ్లెం లాంటిది, దాన్ని ఒక పక్క కరిచి పట్టుకున్న ఇనుప ముద్ద కనిపించాయంటే ఆ ముద్దే కాలిపర్. మూకుడు బోర్లించినట్టు కనిపిస్తే అది డ్రమ్ము. దాని వైద్యం వేరు. హ్యాండ్ బ్రేకుకు లివరు కాకుండా మీట నొక్కే బండి అయితే, పిస్టను గురించి కింద చెప్పిన హెచ్చరిక చదవకుండా పానా పట్టుకోకండి.

పట్టింది ఏది?

చక్రం కాలుతోంది అనగానే చాలా షెడ్లలో వచ్చే తీర్పు ‘కాలిపర్ పోయింది, మార్చాలి’. నిజంగానే పోయిన సందర్భాలూ ఉంటాయి. కానీ చక్రాన్ని వదలకుండా పట్టుకోగలిగినవి అక్కడ అరడజను ఉన్నాయి: హ్యాండ్ బ్రేకు కేబులు, ఆ కేబులు లాగే కాలిపర్ మీది చిన్న చెయ్యి, గైడ్ పిన్నులు, డిస్కును నొక్కి ఆపే ప్యాడ్ల చెవులు (అవి గాడుల్లో కూర్చునే కొసలు), కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే బ్రేకు హోసు, చివరగా ఆ ఆయిల్ ఒత్తిడికి ప్యాడును నెట్టే పిస్టను. వీటిలో మొదటి నాలుగింటిలో కొన్ని గ్రీజుతో బాగవుతాయి, కొన్ని కొద్ది ఖర్చుతో పోతాయి. కాలిపర్ ధర విన్నాక ఈ తేడా బాగా అర్థమవుతుంది.

కాలిపర్‌ను పట్టకారులా ఊహించుకోండి. మామూలు కార్లలో పిస్టను ఒక పక్కనే, అంటే డిస్కుకు లోపలి వైపునే ఉంటుంది. బ్రేకు తొక్కితే పిస్టను లోపలి ప్యాడును డిస్కుకేసి నొక్కుతుంది. ఆ నొక్కుడుకు కాలిపర్ శరీరం మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద లోపలికి జరిగి, బయటి ప్యాడును కూడా లాక్కొచ్చి డిస్కుకు ఆనిస్తుంది. పిన్నులు తుప్పు పట్టి జరగకపోతే పట్టకారు ఒక దవడతోనే పని చేస్తుంది. ఇక పిస్టను వెనక్కి రావడానికి స్ప్రింగు ఏమీ ఉండదు. దాని చుట్టూ చతురస్రపు కోత ఉన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. తొక్కినప్పుడు అది పిస్టనుతో పాటు కాస్త వంగి, కాలు తీయగానే తన ఆకారానికి వస్తూ పిస్టనును వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. అంతే. ఆ వెంట్రుకవాసి కదలికకు తుప్పు అడ్డుపడితే చక్రం పట్టేస్తుంది.

వెనుకవే ఎక్కువగా పట్టేయడానికి కారణం ఉంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ముందు బ్రేకులే ఎక్కువ పని చేస్తాయి. వెనుకవి అంతగా వేడెక్కవు, చేరిన తడి త్వరగా ఆరదు, పైగా ముందు చక్రాలు చిమ్మే బురద అంతా వాటి మీదే పడుతుంది. దానికి తోడు హ్యాండ్ బ్రేకు చెయ్యి తిరిగే ఇరుసు చుట్టూ ఉన్న చిన్న రబ్బరు సీలు చిరిగితే నీళ్లు నేరుగా లోపలికి దిగుతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక పరీక్ష. ఊరికే తిప్పి తెచ్చిన వెంటనే వెనుక రెండు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి చల్లగా, ఒకటి పెనంలా ఉంటే దోషి దొరికినట్టే. ఆ చక్రం చల్లారాక జాకీ మీద లేపి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించి, చేత్తో తిప్పండి. ప్యాడు డిస్కును సన్నగా రాసుకుంటున్న చప్పుడు రావడం మామూలే. రెండు చేతులతో బలం పెట్టాల్సి వస్తే ఈ వరుసలో వెళ్లండి.

మొదట కాలిపర్ వెనుక ఉన్న ఆ చిన్న చేతిని చూడండి. హ్యాండ్ బ్రేకు దించాక అది వెనక్కి వచ్చి తన ఆపుకు తగిలి ఉండాలి. తగలకపోతే కేబులు కొసను దాని నుంచి తప్పించండి. తప్పించగానే చెయ్యి వెనక్కి కొట్టుకుందంటే కాలిపర్ తప్పేమీ లేదు, కేబులు తన తొడుగులో తుప్పు పట్టి ఇరుక్కుంది. తప్పించినా కదలక అలాగే నిలబడితే ఇరుసే పట్టేసింది.

అది బాగానే ఉంటే బ్లీడింగ్ నిపుల్‌కు, అంటే ఆయిల్‌నూ గాలినీ బయటికి వదలడానికి కాలిపర్ మీద ఉండే చిన్న ముక్కుకు, సన్నని పారదర్శక గొట్టం తగిలించి, గొట్టం రెండో కొసను సీసాలో పెట్టి, నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ ఒక్కసారి చిమ్మి చక్రం తేలికైతే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం. పాత హోసు లోపలి పొర ఉబ్బి, వెళ్లే దారి ఇచ్చి వచ్చే దారి మూసేయడం దీనికి తరచూ కారణం. అలాంటప్పుడు కొత్త కాలిపర్ వేసినా వారానికే మళ్లీ పట్టేస్తుంది. నిపుల్ వదిలినా చక్రం బిగుతుగానే ఉంటే మిగిలినవి పిన్నులు, ప్యాడ్ల చెవులు, పిస్టను. వాటిని విప్పితే గానీ చూడలేం. నాది ఈ గుంపులోకే వచ్చింది.

విప్పే ముందు

వెనుక బ్రేకు మీద పని చేసేటప్పుడు హ్యాండ్ బ్రేకు దించే ఉంచాలి, కాబట్టి బండిని ఆపడానికి అది లేనట్టే. సమతలమైన గట్టి నేల, మొదటి గేరు, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు తప్పనిసరి. ఆటోమేటిక్ అయితే పార్కులో పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి ఇనుప స్టాండు కావాలి. ఇటుకల మీద నిలపకండి. ఇటుక పగిలే ముందు మనకు చెప్పి పగలదు.

ప్యాడ్ల పొడిని నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకండి, బ్రేకు క్లీనరుతో తడిపి తుడవండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఫోనులో ప్రతి దశలోనూ ఒక ఫొటో తీసుకోండి. ప్యాడు క్లిప్పు ఏ వైపు తిరిగి ఉందో రాత్రి తొమ్మిదింటికి గుర్తు రాదు. ఇంకో సంగతి: రెండు చక్రాలూ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి ఉంచితే రెండోది మాదిరిగా పనికొస్తుంది.

బోల్టు తల అరిగిపోయినప్పుడు

కాలిపర్ ఊడాలంటే ముందు గైడ్ పిన్ను బోల్టులు రెండు ఊడాలి. ఇవి కాలిపర్ వెనుక వైపు ఉంటాయి. నా బండికి 13 మి.మీ. తల. నా మొదటి పొరపాటు ఇక్కడే. చేతికి దొరికిన పన్నెండు మూలల రింగు పానా వేశాను. అంతకుముందు ఎవరో గాలి ఒత్తిడితో బోల్టులు బిగించే తుపాకీతో అవసరానికి మించి బిగించిన బోల్టు, ఆపై నాలుగు వానాకాలాల తుప్పు. బలమంతా పెట్టి లాగితే పానా ‘గర్రు’మని జారింది. తీసి చూస్తే ఆరు మూలల్లో నాలుగు గుండ్రబడ్డాయి, మెరిసే లోహపు పొడి పానాకు అంటుకుని ఉంది.

కాబట్టి మొదటి నుంచే ఇలా చేయండి. వైరు బ్రష్షుతో బోల్టు తలను, కనిపించినంత మరను శుభ్రం చేయండి. తుప్పు వదిలించే నూనె కొట్టి, కనీసం రాత్రంతా వదిలేయండి; మధ్యలో రెండుసార్లు మళ్లీ కొట్టండి. ఆ నూనె డిస్కు మీద, ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. పొద్దున సుత్తితో తల మీద నాలుగు చిన్న దెబ్బలు వేయండి. బలం కన్నా అదురు ముఖ్యం, తుప్పు పెచ్చులు ఆ అదురుకే విడతాయి. ఆరు మూలల సాకెట్టునే వాడండి, అది మూలల మీద కాకుండా పలకల మీద పట్టు తీసుకుంటుంది. ముందు ఇసుమంత బిగించి, ఆ తర్వాత వదులు చేయండి. కొద్దిగా కదిలిందంటే ముందుకూ వెనక్కీ ఆడిస్తూ రావాలి, ఒకే లాగుడులో తీయాలని చూడకూడదు.

దిశ గురించి ఒక మాట. బోల్టు తల మన వైపు చూడదు, బండి లోపలి వైపు చూస్తుంది. మనం బయట కూర్చుని చెయ్యి అవతలికి చాచి తిప్పుతాం. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. వదులు చేస్తున్నాననుకుని పది నిమిషాలు బిగించినవారు నాకు తెలుసు; వారిలో నేనూ ఒకణ్ణి. తలను ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకు ఎదురు దిశలోనే తిప్పాలని నిర్ధారించుకున్నాకే బలం పెట్టండి.

చాలా కాలిపర్లలో బోల్టుతో పాటు పిన్ను కూడా గిరగిరా తిరుగుతుంది. పిన్ను మెడ దగ్గర సన్నని పలకలుంటాయి, అక్కడ పల్చటి పానా వేసి పట్టుకోవాలి. పట్టుకోకపోతే పిన్నును కప్పి ఉంచే రబ్బరు తొడుగు, అంటే బూటు, పిన్నుతో పాటు మెలితిరిగి చిరుగుతుంది.

తల అరిగిపోయాక ఏం చేయాలి? మొట్టమొదట, ఆగిపోవాలి. నేను ఆగలేదు. ఇంకో రెండు సార్లు లాగి మిగిలిన రెండు మూలలూ పోగొట్టాను. మా వీధి చివర షెడ్డులో పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన ఒకరున్నారు, బాబాయ్ అని పిలుస్తాం. ఫొటో చూపిస్తే నవ్వి, ‘బాబూ, ఇక తిప్పకండి. ఇప్పటిదాకా పోయింది బోల్టు. ఇకమీదట పోయేది కాలిపర్’ అన్నారు. ‘మరి ఎలా బాబాయ్?’ అంటే ఒక డబ్బాలోంచి పాత అరంగుళం సాకెట్టు తీసిచ్చారు.

అరంగుళం అంటే 12.7 మి.మీ. గుండ్రబడిన 13 మి.మీ. తల మీద అది వదులుగా ఎక్కదు, సుత్తితో కొట్టి ఎక్కించాలి. ఎక్కేటప్పుడు పాత మూలలను కోసుకుంటూ దిగి బిగుసుకుంటుంది. పొడవాటి రాడ్డు వేసి, నిదానంగా, కుదుపు లేకుండా లాగితే ‘కిర్రు’మని కదిలింది. పాత అంగుళాల సాకెట్లను పారేయకండి, ఇలాంటప్పుడు బంగారంతో సమానం.

అది కుదరకపోతే బోల్టు ఎక్స్‌ట్రాక్టరు సాకెట్లు దొరుకుతాయి. లోపల మెలికలు తిరిగిన పళ్లుంటాయి, వదులు చేసే వైపు తిప్పేకొద్దీ లోతుగా కరుస్తాయి. తల కొంచెం బయటికి ఉంటే లాకింగ్ ప్లయరు కూడా పట్టవచ్చు. అన్నీ ఓడిపోతే గైడ్ పిన్ను బోల్టు తలను గ్రైండరుతో కోసేయడమే మేలు. కాలిపర్ చెవి ఆ తలకూ పిన్నుకూ మధ్యే ఉంటుంది కాబట్టి తల పోగానే కాలిపర్ విడివడుతుంది. పిన్నును దాని మొండి బోల్టుతో సహా లాగి పారేసి కొత్త పిన్నుల సెట్టు వేసుకోవచ్చు. ఖరీదైన దాన్ని కాపాడటానికి చవకైన దాన్ని బలి ఇవ్వడంలో మొహమాటం అనవసరం.

వెల్డింగు షాపులో తల మీద నట్టు అతికించి తిప్పడం మంచి పద్ధతే, ఆ వేడికే తుప్పు సగం వదులుతుంది. కానీ దాన్ని ఇంటి దగ్గర చేయకండి. అక్కడ రబ్బరు బూట్లు, హోసు, మండే గుణమున్న బ్రేకు ఆయిల్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు వైరు అన్నీ జానెడు దూరంలో ఉంటాయి. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరుతో కడిగిన లోహానికి మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. వెల్డింగు చేసేవారికి క్లీనరు వాడిన సంగతి తప్పక చెప్పండి.

మర పోయినప్పుడు

నా రెండో దెబ్బ బ్రాకెట్టు బోల్టు. కాలిపర్‌ను మోసే బ్రాకెట్టు మరో రెండు పెద్ద బోల్టులతో చక్రం కీలుకు, అంటే చక్రాన్ని మోసే ఇనుప భాగానికి, బిగించి ఉంటుంది. ప్యాడ్లు కూర్చునే గాడులను శుభ్రం చేయాలంటే దీన్ని కూడా విప్పడం మంచిది. కింది బోల్టు మొదట బాగానే కదిలింది. సగం వచ్చాక తిరుగుతోంది గానీ బయటికి రావడం లేదు. వేలితో లాగుతూ తిప్పి తీస్తే, మర గాడుల నిండా చుట్టలు చుట్టుకున్న సన్నని లోహపు తీగ. చిన్నప్పుడు పెన్సిలు చెక్కితే వచ్చే పొట్టులా ఉంది. అది బోల్టు మర కాదు, రంధ్రం లోపలి మర.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: పోయిన మర ఏ వస్తువులో ఉంది? గైడ్ పిన్నులో ఉంటే పిన్ను మార్చండి. బ్రాకెట్టులో ఉంటే బ్రాకెట్టు మార్చండి, చాలా బండ్లకు అది విడిగా దొరుకుతుంది. కాలిపర్ శరీరంలో, అంటే హోసు బిగించే చోట గానీ నిపుల్ రంధ్రంలో గానీ పోతే కాలిపరే మార్చాలి. అది ఆయిల్ ఒత్తిడిని ఆపే చోటు, అక్కడ అతుకుల పని కూడదు. చక్రం కీలులో పోతే మాత్రం పాత మరను తొలిచేసి, పెద్ద ట్యాపు (మర కోసే పనిముట్టు) కొట్టి, లోపల ఉక్కు మర చుట్టను కూర్చోబెట్టవచ్చు. తెలిసిన లేత్ షాపులో, నిలువుగా డ్రిల్లు చేసే ఏర్పాటు ఉన్నచోట చేయిస్తే గట్టిగానే ఉంటుంది. చేతి డ్రిల్లుతో వంకరగా తొలిస్తే కీలు మొత్తం మార్చుకోవాలి. పోయిన మరకు టెఫ్లాన్ టేపు చుట్టడం, జిగురు పోసి బిగించడం లాంటివి నీళ్ల కుళాయికి చేసుకోండి, బ్రేకుకు వద్దు.

నా అదృష్టం బాగుండి మర బ్రాకెట్టులో ఉంది. కీలు వైపు ఉన్నది మర లేని నున్నటి రంధ్రమే.

మర పూర్తిగా పోకుండా తుప్పుతో బిరుసెక్కి ఉంటే ట్యాపుతో శుభ్రం చేస్తే చాలు. సరైన ట్యాపు తీసుకోండి. ఎం10 అని ఉంటే బోల్టు అడ్డుకొలత 10 మి.మీ. అని అర్థం, కానీ మర అడుగు, అంటే ఒక మర నుంచి పక్క మరకు దూరం, 1.5 మి.మీ. ఉండవచ్చు, 1.25 లేదా 1.0 కూడా ఉండవచ్చు. అడుగు తెలియకపోతే మంచి బోల్టును, అనుమానమున్న బోల్టును మరకు మర ఆనించి వెలుతురుకెదురుగా పట్టి చూడండి. సందు లేకుండా దువ్వెన పళ్లలా కలిసిపోతే ఒకటే కొలత. కొత్త బోల్టును మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు రానిది పానాకు వచ్చిందంటే అడ్డమర పడుతున్నట్టే, వెంటనే వెనక్కి తీయండి.

పిన్నులు, చెవులు

బోల్టులు ఊడాక కాలిపర్‌ను డిస్కు మీద నుంచి జరిపి తీయండి. రాకపోతే స్క్రూడ్రైవరుతో డిస్కు మీద తన్నిపెట్టి పెకలించకుండా, ప్యాడుకూ కాలిపర్‌కూ మధ్య నెమ్మదిగా తెరవండి. తీసినదాన్ని హోసు మీద వేలాడనివ్వకండి, తీగతో బండి సస్పెన్షను స్ప్రింగుకు కట్టండి.

నా బండిలో పై పిన్ను వెన్నలా జరిగింది. కింది పిన్ను బ్రాకెట్టులో మేకు దిగేసినట్టు ఉంది. బూటు అంచు ఒకచోట చిట్లి, లోపల గ్రీజు స్థానంలో కాఫీ పొడి లాంటి తుప్పు. లోపలి ప్యాడు సగం అరిగింది; బయటిది ఒక కొస నుంచి ఇంకో కొసకు వాలుగా, అరిగిన చెప్పు మడమలా ఉంది. రెండు ప్యాడ్లు సమానంగా అరగకపోయినా, ఇలా వాలుగా అరిగినా ముందు పిన్నులనే అనుమానించండి.

పట్టిన పిన్నును ఇటూ అటూ తిప్పుతూ లాగాలి. బ్రాకెట్టు విప్పి ఉంటే వైసులో బిగించి చేయడం తేలిక. వచ్చాక గుంటలు పడి ఉంటే మార్చేయండి, నున్నగా ఉంటే సన్నని ఎమరీ కాగితంతో రుద్ది వాడవచ్చు. బ్రాకెట్టు రంధ్రం లోపల కూడా తుప్పు రాలిపోయేదాకా శుభ్రం చేయాలి. పై పిన్ను, కింది పిన్ను చూడటానికి ఒకేలా ఉన్నా చాలా బండ్లలో ఒకటి కాదు, ఒకదాని కొసకు రబ్బరు తొడుగు ఉండవచ్చు, తారుమారు చేయకండి. గ్రీజు విషయంలో పీనాసితనం వద్దు. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు వాడండి. బేరింగులకు వేసే మామూలు పెట్రోలియం గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి, పిన్ను ఆరు నెలల్లో మళ్లీ పట్టేస్తుంది. పల్చగా పూసి, బూటు పెదవి గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

ప్యాడ్ల చెవులు కూర్చునే గాడుల్లో స్టీలు క్లిప్పులుంటాయి. వాటి కింద తుప్పు పొరలు పెరిగి క్లిప్పును పైకి లేపుతాయి, ప్యాడు ఇరుక్కుంటుంది. క్లిప్పు తీసి కింద ఆకురాయితో గీకి, తిరిగి పెట్టాక ప్యాడు వేళ్ల బలంతోనే జరగాలి.

పిస్టనును వెనక్కి తిప్పడం

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి పిస్టను లోపలికి పోవాలి. ముందు బ్రేకులు చేసిన అలవాటుతో సీ క్లాంపు (సీ అక్షరం ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు) వేసి నొక్కారంటే వెనుక కాలిపర్ పాడవుతుంది. హ్యాండ్ బ్రేకు కూడా కాలిపర్‌తోనే పనిచేసే బండ్లలో పిస్టను లోపల మర ఉంటుంది, దాన్ని నొక్కుతూ తిప్పాలి. పిస్టను ముఖం మీద గాడులు కనిపిస్తే ఇదే రకమని గుర్తు. తిప్పే పనిముట్టు సెట్టు పెద్ద ఖరీదేమీ కాదు. ఎక్కువ బండ్లకు గడియారం దిశలో తిప్పితే లోపలికి పోతుంది. కొన్నిటికి ఒక వైపు చక్రానిది ఎదురు దిశ. రెండు చుట్లు తిప్పి, ఎటు పోతుందో చూసి ముందుకెళ్లండి. దుమ్ము బూటు పిస్టనుతో పాటు మెలితిరగకుండా చూసుకోండి. చివర్లో గాడులను లోపలి ప్యాడు వెనుక ఉన్న బొడిపెకు ఎదురుగా నిలపాలి, లేకపోతే ప్యాడు వంకరగా కూర్చుంటుంది.

హ్యాండ్ బ్రేకుకు డిస్కు లోపల చిన్న డ్రమ్ము విడిగా ఉన్న బండ్లలో పిస్టను తిప్పనవసరం లేదు, నొక్కితే పోతుంది. మీట నొక్కే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు అయితే కాలిపర్ మీద మోటారు ఉంటుంది. బండి కంప్యూటరుకు తగిలించే స్కానరుతో గానీ, కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గానీ సర్వీసు మోడ్‌లో పెట్టి, మోటారు తనంతట తాను వెనక్కి వెళ్లాకే పిస్టనును నొక్కాలి. బలవంతం చేస్తే లోపలి పళ్లు విరుగుతాయి. విప్పి ఉండగా ఎవరైనా మీట నొక్కితే వేళ్లు నలుగుతాయి కాబట్టి తాళం చెవి జేబులో పెట్టుకోండి.

పిస్టను వెనక్కి పోతే పైన బ్రేకు ఆయిల్ ట్యాంకులో మట్టం పెరుగుతుంది. పొంగి రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. ముందే సిరంజితో కొంత తీసేయండి.

తిప్పుతుంటే గరగరమంటూ ఆగిపోతున్నా, బూటు ఎత్తి చూస్తే పిస్టను మీద గుంటలు కనిపించినా, ఇరుసు దగ్గర ఆయిల్ చెమ్మ ఉన్నా, కాలిపర్ మార్చండి. సీలు కిట్టుతో బాగుచేయవచ్చు, ముందు కాలిపర్‌కు నేనూ చేశాను. కానీ హ్యాండ్ బ్రేకు మర లోపలున్న వెనుక కాలిపర్‌ను ఇంట్లో విప్పి మళ్లీ పేర్చడం నాకు లాభసాటిగా అనిపించదు. పాత సామాన్ల అంగట్లో బ్రాకెట్టు కొంటాను, కాలిపర్ మాత్రం కొనను. ఒక్క వైపు కాలిపర్ మార్చినా ప్యాడ్లు రెండు వైపులా మార్చాలి.

కొత్త కాలిపర్, గాలి తీయడం

కొత్తది బిగించేటప్పుడు నిపుల్ పైకి ఉందా లేదా చూడండి. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారైతే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన చిక్కుకుపోతుంది, ఎన్నిసార్లు తీసినా పెడలు మెత్తగానే ఉంటుంది. హోసు బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవి వేయండి. హోసు మెలి పడకూడదు.

బ్రేకు ఆయిల్ అని అందరం అంటాం గానీ చాలా బండ్లలో ఉండేది గ్లైకాల్ ద్రవం, గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. తెరిచి ఉంచిన పాత సీసా వాడకూడదనేది అందుకే. ట్యాంకు మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయండి. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలవదు.

హోసు విప్పినప్పుడు లోపలికి చేరిన గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడలు దగ్గర మా తమ్ముడు కూర్చున్నాడు. ‘తొక్కురా’ అంటే నిదానంగా తొక్కి ‘తొక్కాను అన్నయ్యా’ అనాలి; అప్పుడు నేను నిపుల్ వదులు చేసి, బుడగలు పోయాక బిగిస్తాను; ‘వదులు’ అన్నాకే కాలు తీయాలి. బిగించకముందే కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోయి మొదటికొస్తుంది. ప్రతి ఐదారు సార్లకూ ట్యాంకు నింపండి. ట్యాంకు ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్లోకి గాలి వెళ్తే దాన్ని తీయడానికి స్కానరు అవసరం పడవచ్చు.

బిగింపు కొలతలు మీ బండి పుస్తకంలోనివే పాటించండి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్కు పానా అద్దెకైనా తెచ్చుకోండి. గైడ్ పిన్ను బోల్టులు మీరు ఊహించే దానికన్నా చాలా తక్కువ బిగింపువి, ఎక్కువ బండ్లలో 25 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య. బ్రాకెట్టు బోల్టులకు దానికి రెండు మూడు రెట్లు. ఆ రెండింటినీ ఒకే బలంతో బిగించడం వల్లే నా బోల్టు తల అరిగింది.

రోడ్డు మీదికి

బండి కదిపే ముందే పెడలును గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది. దీన్ని మరిచి రివర్సు చేసినవారికి గేటే బ్రేకు. పెడలు గట్టిపడ్డాక హ్యాండ్ బ్రేకు సరిచూసుకోండి. కేబులు కొసను ముందే బిగించి, తర్వాత పెడలు తొక్కితే సర్దుబాటు తప్పుతుంది. చెయ్యి ఆపుకు తగిలి ఉండగా కేబులు వదులు మాత్రమే పోవాలి, చెయ్యి కదలకూడదు.

ఖాళీ వీధిలో నెమ్మదిగా నాలుగు సార్లు ఆపి చూశాక, బ్రేకు తక్కువగా వాడుతూ పావుగంట తిరిగి రండి. వెనుక రెండు చక్రాల దగ్గరా మళ్లీ అరచేయి పెట్టండి. నాకు రెండూ గోరువెచ్చగా తగిలాయి. వంద కిలోమీటర్లయ్యాక ఆయిల్ మట్టం, హోసు కీలు దగ్గర చెమ్మ మరోసారి చూసుకోండి.

కారు కడిగాక ఇప్పుడు వెంటనే నిలపను, వీధి చుట్టూ ఒక చుట్టు తిప్పి బ్రేకులు ఆరాకే నిలుపుతున్నాను. ఊరికి వెళ్లేటప్పుడు హ్యాండ్ బ్రేకు దించి, మొదటి గేరులో వేసి, చక్రానికి రెండు వైపులా చెక్క దిమ్మలు పెడుతున్నాను. మా వీధి పిల్లలు క్రికెట్టు వికెట్లకని వాటిని పట్టుకుపోతుంటే, తాడుతో చక్రం చువ్వకు కట్టడం మొదలుపెట్టాను. స్టీరింగుకు కూడా అదే రంగు తాడు ముక్క ఒకటి కట్టి వెళ్తాను, దిమ్మలు తీయకుండా స్టార్ట్ చేయకుండా.